బడి సొమ్ము – బిడ్డ పూచీ

చదువుకోసం ప్రభుత్వం ఖర్చుపెట్టే డబ్బును బడికి ఇవ్వాలా, బిడ్డకు ఇవ్వాలా? వినటానికి ఇది జమాఖర్చుల గుమాస్తా తేల్చవలసిన ప్రశ్నలాగా ఉంటుంది. కాని గత డెబ్బై ఏళ్ళుగా ఈ ప్రశ్న మీద శాసనసభలు చీలిపోయాయి, కోర్టులు తీర్పులు చెప్పాయి, ఒక దేశంలో విద్యార్థులు నెలలతరబడి వీధులకెక్కారు, మరొకచోట ఒక ప్రాంతపు పిల్లలు ఐదేళ్ళపాటు బడి మొహం చూడకుండా పెరిగారు. వట్టి జమాఖర్చుల ప్రశ్నకు ఇంత బలం ఉండదు.

బిడ్డకు ఇవ్వాలనేవారి వాదం ఇది. బడికి డబ్బిస్తే ఉపాధ్యాయుడు పాఠం చెప్పినా చెప్పకపోయినా జీతం అందుతుంది. అందుచేత ఒక్కొక్క బిడ్డ చదువుకు ఇంత అవుతున్నదని లెక్కగట్టి, ఆ మొత్తానికి ఒక చీటీ రాసి తల్లిదండ్రుల చేతికివ్వండి. వాళ్ళు తమకు నచ్చిన బడిలో, అది ప్రభుత్వానిదైనా సరే ప్రయివేటుదైనా సరే, ఆ చీటీ ఇచ్చి బిడ్డను చేర్పిస్తారు. బడి ఆ చీటీ చూపించి ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకుంటుంది. పిల్లలకోసం బడులు పోటీపడతాయి. మంచి బడి పెరుగుతుంది, చెడ్డ బడి మూతపడుతుంది. ఈ చీటీనే వోచరు అంటున్నారు.

ఈ వాదాన్ని వ్యాపారస్తుల కుట్ర అని ఒక్క మాటతో తోసెయ్యటం సబబు కాదు. డబ్బున్నవాడికి తన బిడ్డను కోరిన బడిలో వేసే స్వేచ్ఛ ఎప్పుడూ ఉన్నది. లేనివాడికి ఎందుకుండకూడదు? ఉపాధ్యాయుడు రాని బడిని చూసి కడుపుమండిన కూలిమనిషి ఈ ప్రశ్న వేస్తే జవాబు చెప్పవలసిన బాధ్యత మనకున్నది.

అయితే బడి అంటే డబ్బు మాత్రమే కాదు, బడి ఒక పూచీ. గడప తొక్కిన ఏ బిడ్డనూ కాదనటానికి ప్రభుత్వ బడికి వీల్లేదు. చదువు రానివాడైనా, ఫీజు కట్టలేనివాడైనా, చెవులు వినపడనివాడైనా, తల్లిదండ్రుల వెంట వలసపోయి ఏడాది మధ్యలో తిరిగివచ్చినవాడైనా చేర్చుకోవలసిందే. డబ్బు బిడ్డ వెంట కదిలినప్పుడు ఈ పూచీ ఎవరిమీద పడుతుంది? చరిత్రను ఈ ప్రశ్న చేతబట్టుకుని చదివితే వోచరు తగాదాలో చాలా చిక్కులు విడిపోతాయని నా అభిప్రాయం.

*

వోచరు పుట్టుకతోనే మితవాదుల సొత్తనుకోవటం పొరపాటు. 1792లో థామస్ పెయిన్ తన "రైట్స్ ఆఫ్ మాన్" రెండో భాగంలో పేద కుటుంబాలకు పధ్నాలుగేళ్ళ లోపు బిడ్డ ఒక్కొక్కరికి ఏడాదికి నాలుగు పౌనులు ఇవ్వాలనీ, ఆ తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపి తీరాలనీ ప్రతిపాదించాడు. 1859లో జాన్ స్టూవర్ట్ మిల్, ప్రతి బిడ్డా చదవాలని ప్రభుత్వం శాసించవచ్చు గాని బడులన్నీ తానే నడపటం ప్రమాదమన్నాడు. పేదల ఫీజు ప్రభుత్వం భరిస్తే చాలునన్నాడు. ఈ ఇద్దరూ రాసేనాటికి ఇంగ్లండులో ప్రజలందరికీ ప్రభుత్వ బడి అనేది లేదు. వాళ్ళ ప్రతిపాదనలు లేని బడిని తెప్పించటానికి పుట్టినవి.

ఉన్న బడికి పోటీగా వోచరును నిలబెట్టింది అమెరికను ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. విద్యలో ప్రభుత్వ పాత్రను గురించి 1955లో ఆయనొక వ్యాసం రాశాడు. చదువుకు డబ్బివ్వటం ప్రభుత్వం పని కావచ్చు, బడి నడపటం ప్రభుత్వం పని కానక్కరలేదని అందులో వాదించాడు. తర్కం మటుకు నున్నగా ఉన్నది. కాని ఆ వ్యాసం వెలువడిన సంవత్సరాన్ని పాఠకులు గమనించాలి. అంతకు ఏడాది కిందటే, 1954 మే నెలలో, తెల్లవారి పిల్లలకూ నల్లవారి పిల్లలకూ వేరువేరు బడులుండటం రాజ్యాంగవిరుద్ధమని బ్రౌన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దక్షిణాది రాష్ట్రాలు ఆ తీర్పును తప్పించుకునే దారులు వెతుకుతున్నాయి. ఫ్రీడ్‌మన్‌కు ఈ సంగతి తెలుసు. తన వ్యాసానికి రాసిన ఒక అధోజ్ఞాపికలో ఆయన దీన్ని గురించే చర్చించాడు. వర్ణవివక్ష తనకు ఇష్టం లేదన్నాడు. అయినా బలవంతాన కలపటంకంటే, తెల్ల బడులూ నల్ల బడులూ కలగలుపు బడులూ అన్నీ ఉండి, ఏది కావాలో తల్లిదండ్రులు ఎంచుకోవటం మేలన్నాడు.

సిద్ధాంతకర్త అధోజ్ఞాపికలో చెప్పిన మాటకు ఆచరణలో ఏం జరిగిందో ఒకచోట స్పష్టంగా కనిపిస్తుంది.

*

వర్జీనియా రాష్ట్రంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఒక కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లావంటిదే గాని చిన్నది. బడులకు అవసరమైన పన్ను వెయ్యటం అక్కడి పాలకమండలి పని. ఫార్మ్‌విల్ అనే ఊరిలో నల్లవారి పిల్లలకు మోటన్ హైస్కూలు ఉండేది. 180 మందికోసం కట్టిన ఆ బడిలో 1950 నాటికి 450 మందికి పైగా చదువుతున్నారు. చోటు చాలక కర్రచట్రాలకు తారు కాగితం కొట్టి పాకలు వేశారు. వానవస్తే కారేవి. కొత్త బడి కడతామని అధికారులు చెబుతూ వచ్చారు గాని కట్టలేదు.

1951 ఏప్రిల్ 23న పదహారేళ్ళ బార్బరా జాన్స్ నాయకత్వాన ఆ బడి పిల్లలు సమ్మె చేశారు. ఈ సమ్మెనుంచి పుట్టిన దావా బ్రౌన్ కేసులో కలిసిన ఐదు దావాలలో ఒకటి. కనుక 1954 తీర్పులో ఫార్మ్‌విల్ పిల్లలకు సొంత వాటా ఉన్నది.

వర్జీనియా పాలకులు ఆ తీర్పుకు లొంగలేదు. సెనేటరు హారీ బర్డ్ "భారీ ప్రతిఘటన" అని పిలుపిచ్చాడు. ప్రయివేటు బడికి పోయే పిల్లలకు ప్రభుత్వ ధనం ఇవ్వటానికి వీలుగా 1956లో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించారు. 1958లో తెల్ల నల్ల పిల్లలు కలిసి చదవవలసివచ్చిన బడులను గవర్నరు కొన్ని ఊళ్ళలో మూయించాడు. 1959 జనవరిలో రాష్ట్ర కోర్టూ ఫెడరల్ కోర్టూ ఆ మూసివేతను కొట్టేశాయి. చాలా ఊళ్ళు దిగివచ్చాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ దిగిరాలేదు. 1959 వేసవిలో అక్కడి పాలకమండలి బడి పన్ను వెయ్యటమే మానేసింది. డబ్బు లేదు కనుక ప్రభుత్వ బడులు లేవు. తెల్ల బడీ లేదు, నల్ల బడీ లేదు. చట్టం దృష్టిలో అందరూ సమానులే!

తెల్ల పిల్లలకోసం ప్రయివేటు అకాడెమీ ఒకటి వెలిసింది. మొదటి ఏడాది చందాలతో, చర్చీలలోనూ ఇతర హాళ్ళలోనూ నడిచింది. 1960లో అసలు ఏర్పాటు జరిగింది. ప్రయివేటు బడిలో చేరిన బిడ్డకు రాష్ట్రం ప్రాథమిక తరగతులకైతే 125 డాలర్లు, హైస్కూలుకైతే 150 డాలర్లు ఇచ్చింది. కౌంటీ మరో 100 డాలర్లు ఇచ్చింది. ఇవికాక, ప్రయివేటు బడికి చందా ఇచ్చినవారికి ఆస్తిపన్నులో నాలుగోవంతు దాకా మినహాయించుకునే హక్కు ఇచ్చారు. వోచరనే పేరు లేదు గాని పని అదే.

ఈ గ్రాంట్లలో ఎక్కడా జాతి ప్రసక్తి లేదు. నల్లబిడ్డ కూడా అడగవచ్చు. కాని అడిగి ఏ బడికి పోవాలి? చేర్చుకునే బడి ఆ కౌంటీలో లేదు. చీటీ ఇచ్చేవాడున్నాడు, చీటీ పుచ్చుకునేవాడు లేడు. ఎంచుకునే స్వేచ్ఛ అనే మాటకు ఇంతకంటే పచ్చి ఉదాహరణ మరొకటి దొరకదు.

ఇక్కడ మరొక సంగతి చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టవుతుంది. నల్లవారికోసం కూడా ఒక ప్రయివేటు బడి పెడతామని తెల్ల పెద్దలు ముందుకొచ్చారు. నల్ల తల్లిదండ్రులు దాన్ని నిరాకరించారు. ఆ బడిలో చేరితే వేరు బడుల ఏర్పాటును తామే ఒప్పుకున్నట్టవుతుంది, కోర్టులో కేసు చెడుతుంది. ఈ నిర్ణయం ఎంత కఠినమైనదో ఆలోచించండి. ఒక తల్లి తన ఏడేళ్ళ బిడ్డను బడికి పంపగలిగి కూడా, అందరి బిడ్డల హక్కుకోసం ఇంట్లో ఉంచుకున్నది. తనకు కావలసింది ఎంచుకోవటం ఒక్కటే స్వేచ్ఛ అనుకునే శాస్త్రానికి ఈ తల్లి అర్థం కాదు.

సుమారు 1700 మంది నల్ల పిల్లలు బడికి దూరమయారు. కొందరు పక్క కౌంటీల్లో బంధువుల ఇళ్ళకు చేరారు. కొందరిని క్వేకర్లు ఇతర రాష్ట్రాలకు పంపి చదివించారు. చర్చీల నేలమాళిగల్లో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పినవారున్నారు. మిగిలినవారు పొలాల్లో పనిచేశారు, ఇళ్ళలో చంటిపిల్లలను చూసుకున్నారు. ఫీజు కట్టలేని పేద తెల్లవారి పిల్లలు కూడా కొందరు చదువు పోగొట్టుకున్నారు. జాతిపేరుతో కట్టిన గోడకింద వర్గం కూడా నలుగుతుంది.

బడులు మూసినంతకాలం గ్రాంట్లు ఇవ్వరాదని 1961లో ఫెడరల్ కోర్టు ఆపించింది. 1963లో కెనడీ ప్రభుత్వం పూనికతో, చందాల డబ్బుతో ఉచిత బడులు తెరిచారు. అప్పటికి ఎనిమిది తొమ్మిదేళ్ళు వచ్చినా ఒక్కరోజైనా బడికి పోని పిల్లలున్నారు. 1964 మే 25న గ్రిఫిన్ కేసులో సుప్రీంకోర్టు తుది మాట చెప్పింది. బడులు నడపటానికి పన్ను వెయ్యమని పాలకమండలిని ఆజ్ఞాపించే అధికారం కోర్టుకున్నదని తేల్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో ప్రభుత్వ బడులు తెరుచుకున్నాయి.

ఆ తీర్పులో నన్ను ఆకర్షించే అంశం ఇదే. పిల్లలకు చీటీలిమ్మని కోర్టు చెప్పలేదు. పన్ను వేసి బడి నడపమన్నది. పూచీని దాని చోటికి తిరిగి పంపించింది.

*

ఇదంతా జాతివిద్వేషం చేసిన పని, వోచరుకు అంటగట్టటం అన్యాయం అనేవారుంటారు. ఈ ఆక్షేపణలో బలమున్నది. కత్తితో హత్య జరిగితే కూరలు తరగటం మానలేము. పైగా వోచరును నల్లవారే కోరిన సందర్భం కూడా చరిత్రలో ఉన్నది.

1990లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో అమెరికా ఆధునిక వోచరు పథకం మొదలైంది. దానికోసం పోరాడిన శాసనసభ్యురాలు పాలీ విలియమ్స్ నల్లజాతి మహిళ, డెమోక్రాటిక్ పార్టీ మనిషి. నగరంలో ప్రభుత్వ బడులు నల్ల పిల్లలకు చదువు చెప్పలేకపోతున్నాయి. ఎన్నేళ్ళు ఎదురుచూడమంటారు అని ఆమె అడిగింది. ఆ పథకం పేద కుటుంబాలకే పరిమితం. నగరంలోని విద్యార్థులలో నూటికి ఒకరికి మించకూడదన్న హద్దు పెట్టారు. చేర్చుకునే బడి పిల్లలను ఏరుకోకూడదు. ఈ షరతులు ముఖ్యమైనవి.

తరవాత ఏం జరిగింది? షరతులు ఒకటొకటిగా సడలిపోయాయి. 1995లో మతసంస్థల బడులను చేర్చారు. 2002లో క్లీవ్‌లాండ్ పథకం మీద వచ్చిన కేసులో, వోచరు డబ్బు మతబడికి చేరటం రాజ్యాంగవిరుద్ధం కాదని సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి తీర్పు చెప్పింది. విస్కాన్సిన్‌లో ఆదాయపరిమితి పెంచి కలిగిన కుటుంబాలకు కూడా వోచర్లిచ్చే ప్రయత్నం వచ్చినప్పుడు పాలీ విలియమ్సే దాన్ని వ్యతిరేకించింది. పేదలకోసం తెరిచిన తలుపులోనుంచి ఇతరులు లోపలికొస్తున్నారని ఆమె బాధ. 2022లో అరిజోనా రాష్ట్రం ఆదాయంతో పని లేకుండా బిడ్డలందరికీ ఈ సొమ్ము వర్తింపజేసింది. మొదట దరఖాస్తు పెట్టినవారిలో ఎక్కువమంది అప్పటికే ప్రభుత్వ బడుల్లో లేనివారు. అంటే చెడ్డ బడినుంచి బిడ్డను తప్పించటానికని పుట్టిన పథకం, ముందునుంచీ ప్రయివేటు బడికి పోతున్న బిడ్డ ఫీజులో ప్రజల సొమ్ము కలిపే పథకంగా మారింది. పేదవాడి కష్టం పేరుచెప్పి ప్రవేశించిన సదుపాయం కలవారి హక్కుగా స్థిరపడటం మనం ఎరగని తమాషా కాదు.

*

వోచరును ఒక నగరంలో కాక దేశమంతటా అమలుజరిపితే ఏమవుతుందో చిలీ దేశం చూపింది. అక్కడ 1973లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నది. ఫ్రీడ్‌మన్ సంప్రదాయంలో చదువుకున్న ఆర్థికవేత్తలు జనరల్ పినోచెట్ ప్రభుత్వంలో కీలకస్థానాల్లో కూర్చున్నారు. 1981లో ప్రభుత్వ బడులను మునిసిపాలిటీలకు అప్పగించి, బిడ్డల హాజరునుబట్టి తలకింత అని, మునిసిపల్ బడికైనా ప్రయివేటు బడికైనా ఒకే లెక్కన డబ్బివ్వసాగారు. ప్రజలను అడిగే పని లేదు కనుక ఈ మార్పు త్వరగా జరిగింది.

1981 ప్రాంతాన నూటికి సుమారు 78 మంది పిల్లలు ప్రభుత్వ బడుల్లో ఉండేవారు. మూడు దశాబ్దాలకు ఆ సంఖ్య 40 లోపుకు పడిపోయింది. ప్రయివేటు బడులు పుట్టగొడుగుల్లా లేచాయి. పిల్లలను పరీక్షపెట్టి ఏరుకునేవి, తల్లిదండ్రులను పిలిచి విచారించేవి. ప్రజాస్వామ్యం తిరిగివచ్చిన తరవాత, 1993లో, వోచరు డబ్బుకు తోడు తల్లిదండ్రులనుంచి పై ఫీజు వసూలుచేసుకోవటానికి కూడా అనుమతిచ్చారు. దానితో తల్లిదండ్రుల తాహతునుబట్టి బడులు మెట్లుమెట్లుగా ఏర్పడ్డాయి. ఏరుకోగా మిగిలిన పిల్లలు మునిసిపల్ బడికి మిగిలారు. ఇంతా చేసి దేశం మొత్తం మీద చదువు పెరిగిందా అంటే, 2006లో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ప్రసిద్ధ పరిశోధనలో సగటున పెరిగినట్టు ఆధారం దొరకలేదు. కాస్త కలిగిన పిల్లలు విడిగా పోగుపడటం మటుకు స్పష్టంగా కనిపించింది.

మంచి బడి కావటానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి బాగా చదువు చెప్పటం. రెండోది బాగా చదివే పిల్లలను ఏరుకోవటం. రెండోది తేలిక, చవక. పోటీ పెడితే బడి మొదటి మార్గాన పోతుందని సిద్ధాంతం. చిలీలో చాలా బడులు రెండోదారి పట్టాయి.

2006లో చిలీ హైస్కూలు పిల్లలు బడులను ఆక్రమించి ఉద్యమం చేశారు. నలుపూ తెలుపూ యూనిఫారం వేసుకునేవారు కనుక దాన్ని పెంగ్విన్ల ఉద్యమం అన్నారు. 2011లో విశ్వవిద్యాలయ విద్యార్థులు అంతకంటే పెద్ద ఉద్యమం నడిపారు. చివరకు 2015లో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వధనం పుచ్చుకునే బడి లాభం తియ్యరాదనీ, పిల్లలను ఏరుకోరాదనీ, పై ఫీజు క్రమంగా మానాలనీ ఆ చట్టం శాసించింది. చీటీ మిగిలింది గాని, బడికి మళ్ళీ పూచీ తగిలించవలసివచ్చింది. అది తెలుసుకోవటానికి ఆ దేశానికి 34 ఏళ్ళు పట్టింది.

*

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోనక్కరలేదు. ప్రభుత్వ ధనాన్ని ప్రయివేటు బడికి షరతుమీద ఇచ్చే పద్ధతి మనకు 1854 నాటి ఉడ్ తాఖీదుతోనే వచ్చింది. దాన్ని గ్రాంట్-ఇన్-ఎయిడ్ అన్నారు. మనం ఈనాటికీ వాడే "ఎయిడెడ్" బడి అనే మాట అక్కడిదే. ఇంగ్లండులో 1862నుంచి ఫలితాలనుబట్టి గ్రాంటిచ్చే పద్ధతి నడిచింది. తనిఖీదారు వచ్చి చదవటం, రాయటం, లెక్కలు పరీక్షించి, ప్యాసయిన తలకింత అని డబ్బు లెక్కగట్టేవాడు. మద్రాసు రాజధానిలో కూడా ఆ పద్ధతిని అమలుజరిపారు. డబ్బు బిడ్డ తలను అంటిపెట్టుకుని రావటం కొత్త ఊహేమీ కాదు.

1882లో హంటర్ విద్యా సంఘం ముందు జ్యోతీరావు ఫూలే ఒక విజ్ఞాపన పెట్టాడు. ఖజానాకు డబ్బు రైతు చెమటలోనుంచి వస్తున్నది, అది పై కులాలవారి ఉన్నతవిద్యకు పోతున్నది, రైతుబిడ్డకు ప్రాథమిక విద్య లేదు అన్నాడు. పన్నెండేళ్ళదాకా ప్రాథమిక విద్య నిర్బంధం చెయ్యమన్నాడు. ఫలితాలనుబట్టి గ్రాంటిచ్చే పద్ధతి పేదలకు పనికిరాదనీ, ఆ గ్రాంటును నమ్ముకుని ఏ ఉపాధ్యాయుడూ బతకలేడనీ కూడా స్పష్టంగా చెప్పాడు. చదువు రుచి ఎరగని ఇంటికి ఉపాధ్యాయుడు నడిచిపోవాలి. ఆ పని గిట్టుబాటు లెక్కల్లో పడదు. నూట నలభై ఏళ్ళకిందట ఫూలే చెప్పిన ఈ మాట వోచరు చర్చ అంతటికీ తాళంచెవి అని నేననుకుంటాను.

ఆయన అడిగిన నిర్బంధవిద్య వెంటనే రాలేదు. గోఖలే 1911లో తెచ్చిన బిల్లు మరుసటి ఏడాది 13 ఓట్లకు ఎదురుగా 38 ఓట్లతో వీగిపోయింది. పదేళ్ళలో పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య కల్పించటానికి ప్రయత్నించాలని 1950 నాటి రాజ్యాంగం ఆదేశిక సూత్రంగా చెప్పింది. 1966లో కొఠారీ సంఘం అందరికీ ఒకే ఉమ్మడి బడి పద్ధతి కావాలన్నది, జాతీయాదాయంలో నూటికి ఆరు వంతులు విద్యకు ఖర్చుచెయ్యమన్నది. చదువు ప్రాథమిక హక్కని చెప్పే సవరణ 2002లోగాని రాలేదు. హక్కు అమలుచేసే చట్టం 2009లో వచ్చింది. ఈ జాప్యమంతా కలిపి చూస్తే, ప్రభుత్వ బడి విఫలమైందనేవారిని ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది: ఎప్పుడు పూర్తిగా పెట్టి చూశాం, విఫలం కావటానికి?

*

వోచరును మన గ్రామాల్లోనే పరీక్షించిన సందర్భం ఒకటున్నది. 2008నుంచి నాలుగేళ్ళపాటు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో ఇది జరిగింది. ప్రభుత్వ బడుల్లోని చిన్నపిల్లలకు లాటరీ తీసి, గెలిచినవారికి ఊళ్ళోని ప్రయివేటు బడి ఫీజు కట్టారు. సగం గ్రామాల్లో వోచర్లిచ్చారు, పోల్చిచూడటానికి సగం గ్రామాల్లో ఇవ్వలేదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఈ ఫలితాలను 2015లో ప్రచురించారు.

ఫలితాలు ఏ పక్షానికీ పూర్తిగా నచ్చేవి కావు. రెండేళ్ళ తరవాతా, నాలుగేళ్ళ తరవాతా తెలుగులోనూ లెక్కల్లోనూ లాటరీ గెలిచినవారికీ ఓడినవారికీ తేడా కనబడలేదు. ప్రభుత్వ బడిలో ఆ తరగతుల్లో చెప్పని హిందీ ప్రయివేటు బడిలో చెబుతారు కనుక హిందీలో గెలిచినవారు ముందున్నారు. ప్రయివేటు బడిలో బిడ్డమీద అయే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతు కూడా లేదు. తెలుగుకూ లెక్కలకూ వాళ్ళు కేటాయించిన సమయం తక్కువ, అయినా అదే ఫలితం. ప్రభుత్వ బడిలో మిగిలిపోయిన పిల్లలకు నష్టం కూడా కనబడలేదు.

ఈ వాస్తవాలను దాచి వోచరును వ్యతిరేకించటం నిజాయితీ కాదు. కాని ఈ వాస్తవాల వెనక ఏమున్నదో కూడా చూడాలి. ఆ చవక ఎక్కడిది? ప్రయివేటు ఉపాధ్యాయుడి జీతం ప్రభుత్వ ఉపాధ్యాయుడి జీతంలో ఆరోవంతుకంటే తక్కువ. చదువుకుని ఉద్యోగం దొరకని పల్లెటూరి యువతీయువకుల నిరుద్యోగమే ఆ బడికి పెట్టుబడి. సర్కారు ఆ ధరను ప్రమాణంగా తీసుకుంటే, నిరుద్యోగాన్ని విద్యావిధానంగా ఆమోదించినట్టే. రెండోది, ఆ వోచరు డబ్బు ప్రభుత్వ బడినుంచి తీసింది కాదు, బయటనుంచి వచ్చింది. మూడోది, లాటరీలో వచ్చిన బిడ్డను ఏరుకునే వీలు బడికి లేదు, పై ఫీజు వసూలుచేసే వీలూ లేదు. అంటే వోచరువల్ల హాని జరగకపోవటానికి కారణం దానికి కట్టిన షరతులు. మిల్వాకీలో సడలిపోయినవీ, చిలీలో లోపించినవీ ఇలాంటి షరతులే.

తల్లిదండ్రులు కొనుగోలుదార్లు, సరుకు మంచిచెడ్డలు వారికి తెలుసు అనే మాట ఇంకొకటి మిగిలింది. గురజాడ "కన్యాశుల్కం"లో వెంకమ్మ, కొడుకును గిరీశంతో ఇంగ్లీషులో మాట్లాడమని ముచ్చటపడి అడగటం, వాళ్ళిద్దరూ కలిసి నోటికొచ్చిన ఇంగ్లీషు ముక్కలు వల్లించటం మనందరికీ తెలిసిన దృశ్యమే. మనం నవ్వుతాం గాని, వెంకమ్మను చూసి నవ్వకూడదు. ఆ రోజుల్లో ఇంగ్లీషు ముక్కవల్ల ఉద్యోగం వస్తుందన్న సంగతి ఆమెకు సరిగానే తెలుసు. కొడుక్కు వచ్చిందా లేదా అన్నది తెలుసుకునే సాధనం ఆమెకు లేదు. ఈనాడు ఇంగ్లీషు మీడియం బోర్డు చూసి కూలిడబ్బు పోసే తల్లి కూడా వెంకమ్మలాంటిదే. ఆమె కోరిక న్యాయమైనది, ఆమె అజ్ఞానం మనం కల్పించింది. అలాంటి తల్లి చేతికి చీటీ ఇచ్చి, ఇక మంచిచెడ్డలు నువ్వే చూసుకో అంటే, అది స్వేచ్ఛ ఇవ్వటం కాదు. ప్రభుత్వం తనిఖీ పనిని ఆమె నెత్తిన పెట్టటం.

2020లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మ ఒడి పథకం కింద, బిడ్డను ప్రభుత్వ బడికి పంపినా ప్రయివేటు బడికి పంపినా పేదతల్లికి ఏడాదికి 15,000 రూపాయలని ప్రకటించారు. 2025లో తల్లికి వందనం అనే పేరుతో అదే మార్గంలో మరో పథకం వచ్చింది. ఇవి పూర్తి వోచర్లు కావు. పేదతల్లికి చేతిలో డబ్బు పడటాన్ని నేను తప్పుపట్టను. కాని ఇలాంటి పథకం వచ్చినప్పుడల్లా, అదే ఏడాది అదే ఊరి బడికి ఎంతమంది ఉపాధ్యాయులను ఇచ్చారు అని అడగటం మన పని. తల్లికిచ్చిన డబ్బు బడికిచ్చిన డబ్బుకు తోడైతే మేలు. బదులైతే కీడు.

*

చీటీ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న దానంతటది తేలదు. ప్రభుత్వ బడి డబ్బు తగ్గకూడదు, బడి బిడ్డను ఏరుకోకూడదు, పై ఫీజు లాగకూడదు, ఉపాధ్యాయుణ్ణి ఆకలికి కొనకూడదు. ఈ నాలుగు షరతులూ నిజంగా అమలుజరిపే ప్రభుత్వానికి వోచరు అవసరమే ఉండదు. అంత శక్తి ఉన్న ప్రభుత్వం తన బడినే బాగుచేసుకోగలదు. షరతులు అమలుజరపలేని ప్రభుత్వం చేతిలో వోచరు ప్రమాదం. ప్రభుత్వ బడిని సమర్థించేవారు కూడా ఒకటి ఒప్పుకోవాలి: రాని ఉపాధ్యాయుణ్ణీ, నీళ్ళు లేని మరుగుదొడ్డినీ, అయిదు తరగతులకు ఒక గదినీ కళ్ళుమూసుకుని సమర్థించటం వోచరు వాదికి పత్రం రాసివ్వటమే. పూచీ ఉన్నదన్నవాడు ఆ పూచీకి జవాబు చెప్పాలి.

రచయితలకు దీనితో ఏం పని అంటే, మన పాఠకులు ఎక్కడినుంచి వచ్చారో తలుచుకుంటే చాలు. రైతుబిడ్డా, చేనేతవాడి బిడ్డా, కరణంగారి బిడ్డా ఒకే బల్లమీద కూచున్న జిల్లాబోర్డు హైస్కూళ్ళు తెలుగుదేశానికి పాఠకులను తయారుచేశాయి. ఆ బల్ల మీద అందరూ సమానంగా కూచున్నారని నేననను. చాలామందిని బల్లదాకా రానివ్వలేదు కూడా. కాని ఆ బల్లను పొడుగు చెయ్యవలసింది పోయి ముక్కలు చేసి పంచితే, ఒకరి కథ మరొకరు చదివే అవసరమే లేని సమాజం తయారవుతుంది.

1951లో మోటన్ బడి పిల్లలు సమ్మెకు దిగినప్పుడు, మరో బడికి పోవటానికి మాకు చీటీ ఇవ్వండి అని అడగలేదు. కారని కప్పు ఉన్న బడి అడిగారు. అది అడిగే హక్కు తమకున్నదనీ, ఇచ్చే పూచీ ప్రభుత్వానికున్నదనీ వారికి తెలుసు. ఆ పిల్లలకు తెలిసిన ఈ సంగతిని పెద్దలు మరిచిపోకుండా ఉండటమే ఈ చర్చ అంతటికీ ప్రయోజనం.